అర చుట్టు

మంగళవారం ఉదయం పదిన్నరకు ఆర్మరీ బల్ల మీదికి ఇరవై ఏడో నంబరు రివాల్వర్ వచ్చింది. వెంట సీలు వేసిన కవరులో ఆరు తూటాలు. మూడింటి అడుగున పిన్ను తగిలిన నొక్కులున్నాయి, కానీ అవి పేలలేదు. మిగతా మూడింటి దాకా వ్యవహారం రాలేదు.

ఆ రివాల్వర్ ఎవరిదో ఆర్మరీ మెకానిక్కు నంబరు చూసి తెలుసుకోవాల్సిన పనిలేదు. అది ఆయన బావమరిదిది. తొమ్మిది రోజుల కిందట ఖజానా వ్యాను తలుపు దగ్గర ఇద్దరు మనుషులు కత్తులతో మీద పడ్డారు. బావమరిది మూడుసార్లు ట్రిగ్గర్ నొక్కాడు. మూడుసార్లూ టిక్కుమంది. నాలుగోసారి నొక్కేలోపు కుడిచేతి మీద వేటు పడింది. చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. వాళ్ళు ఎత్తుకుపోయిన సంచిలో ఉన్నవి రద్దయిన ఫారాలు.

బల్లకు అవతల కుర్చీలో విచారణాధికారి కూర్చున్నాడు. ఖజానా కాపలా దళానికి ఆయన డిప్యూటీ కమాండెంట్. పక్కన గుమాస్తా, ఒళ్ళో అట్టకు బిగించిన కాగితాలు.

"విప్పండి. ఏం చేస్తున్నారో పైకి చెబుతూ విప్పండి. ఆయన రాసుకుంటారు," అన్నాడు అధికారి.

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో మెకానిక్కును ఆ పని పైకి చెబుతూ చేయమన్నవాళ్ళు లేరు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ముందు సిలిండర్ తెరిచి చూస్తాను సార్. ఆరు గదులూ ఖాళీ. వేలు పెట్టి కూడా చూశాను, ఖాళీ."

"అది తెలిసిందే కదా. తూటాలు కవరులో ఉన్నాయి."

"తెలిసినా చూడాలి సార్."

గుమాస్తా అది కూడా రాసుకున్నాడు.

"బ్యారెల్ శుభ్రంగా ఉంది. తుప్పు లేదు, మసి లేదు."

"గదుల్లో నూనె? ఎక్కువ నూనె పోస్తే తూటాలోకి దిగి మందు చెడిపోతుందంటారుగా." అధికారి కాస్త ముందుకు వంగాడు. ఆ నూనె దొరికితే బాగుండునన్న ఆశ ఆయన మొహంలో కనబడుతోంది.

"లేదు సార్. పొడిగా ఉన్నాయి. ఈ మనిషి నూనె ఎక్కువ పొయ్యడు, అసలు పొయ్యనే పొయ్యడు. తుడిచి ఇచ్చేది నేనే."

పిడి కింది స్క్రూ తీశాడు. రెండు చెక్కలూ రెండు అరచేతుల్లా విడిపోయాయి. లోపల పిడి ముందంచున చిన్న స్క్రూ ఒకటి ఉంది. దాని తల చట్రంతో సమానంగా ఉండాలి. లేదు. గోరు పట్టేంత బయటికి వచ్చి ఉంది. మెకానిక్కు చేతులు ఆగిపోయాయి.

అది ఎంత బయటికి వచ్చిందో వేరేవాళ్ళయితే కొలిచి చూడాలి. ఆయనకు అక్కర్లేదు. ఒకటిన్నర చుట్టు. తిప్పింది ఆయనే.

* * *

ఆర్మరీ అంటే పన్నెండడుగుల గది. ఇనుప జాలీ ఉన్న కిటికీ ఒక్కటే. కిటికీ కింద బల్ల, బల్ల మీద పాత కంబళి ముక్క. స్క్రూ జారిపడినా చప్పుడు లేకుండా అక్కడే ఆగడానికి ఆ కంబళి. పక్కన కిరోసిన్ డబ్బా, అరిగిపోయిన టూత్‌బ్రష్షులు, మెత్తటి బనీను గుడ్డలు, ఆయన సొంతంగా చిల్లులు వేసుకున్న చెక్క దిమ్మె. ఏ స్క్రూ తీస్తే దాని చిల్లులోనే పెట్టాలి. రివాల్వర్ లోపలి భాగాలను మూసే పక్క రేకు స్క్రూలు చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి కానీ ముందున్న దాని కొన వేరు. అది సిలిండర్‌ను పట్టి ఉంచుతుంది. దాని చోట వేరేది బిగిస్తే సిలిండర్ బిగుసుకుంటుంది, లేకపోతే ఊడి చేతిలోకొస్తుంది. ఇంట్లో సొంత తెలివితో విప్పుకుని, తిరిగి బిగించలేక, రుమాల్లో మూటగట్టి తెచ్చినవాళ్ళను ఆయన చాలామందిని చూశాడు. "అత్తారింటికి వచ్చినట్టు మూటతో వచ్చారేంటి?" అని అడిగేవాడు.

దళంలో ఉన్నవి నలభై ఒక్క రివాల్వర్లు. అన్నీ డబుల్ యాక్షన్ రకం. అంటే ఒక్క నొక్కుడుతోనే సుత్తి వెనక్కి లేస్తుంది, సిలిండర్ ఒక గది తిరుగుతుంది, సుత్తి వదిలి పడుతుంది. ఇంత పనీ ఒక్క వేలు చెయ్యాలి కాబట్టి ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది. బొటనవేలితో సుత్తిని ముందే లాగిపెట్టుకుంటే తేలికే. కానీ ఏటా జరిగే కాల్పుల పరీక్షలో అలా లాగకూడదు. పన్నెండు తూటాలు, నిమిషం టైము, అన్నీ బరువు నొక్కుడుతోనే. వరసగా మూడేళ్ళు తప్పినవాళ్ళను ఆయుధం డ్యూటీ నుంచి తీసేస్తారు. ఆ దళంలో ఆయుధం లేని డ్యూటీ లేదు.

వేలు బరువెక్కినకొద్దీ గురి కిందికి దిగుతుంది. యాభై దాటిన గార్డులకు పరీక్ష నెల వచ్చిందంటే నిద్ర పట్టదు. అందుకే ఆ దళంలో ఒక అలవాటు పుట్టింది. పిడిలో ఉన్న ఆ చిన్న స్క్రూ సుత్తి వెనకున్న పెద్ద స్ప్రింగును నొక్కిపట్టి ఉంచుతుంది. దాన్ని అర చుట్టు వదులు చేస్తే స్ప్రింగు మెత్తబడుతుంది, ట్రిగ్గర్ తేలికవుతుంది. పరీక్షకు రెండు రోజుల ముందు ఒక్కొక్కరే ఆర్మరీ తలుపు దగ్గరకొచ్చి నిలబడేవారు.

"మావయ్యా, ఒక్కసారి శుభ్రం చేసి పెట్టవా?"

"మొన్ననే చేశాగా."

"ఇంకోసారి."

శుభ్రం అంటే ఏంటో ఇద్దరికీ తెలుసు. పరీక్షయిన మూడో రోజున అన్ని రివాల్వర్లూ మళ్ళీ ఆయన బల్ల మీదికి వస్తాయి. అప్పుడు ఏ స్క్రూకు ఆ స్క్రూ బిగిస్తాడు. ఎక్కడా రాయడు. అలా పదిహేడేళ్ళు నడిచింది. ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం కాగితంలో మిగిలింది. మిగతా అంతటా ఆయన 'అరచుట్టు మావయ్య'. గేటు దగ్గర కాపలా మనిషి నుంచి పై అంతస్తు దాకా అదే పిలుపు.

బావమరిది వరసగా రెండేళ్ళు తప్పాడు. యాభై మూడేళ్ళు, కీళ్ళ నొప్పులు, చలికాలం పొద్దున గుండీ పెట్టుకోవడమే కష్టం. మూడో పరీక్ష ముందు అక్క, అంటే మెకానిక్కు భార్య, మొగుడి కంచం ముందు కూర్చుంది.

"ఏవండీ, వాడి సంగతి కాస్త చూడండి."

"అందరికీ చూస్తున్నట్టే చూస్తా."

"అందరిలా కాదు. అందరి వేళ్ళూ వాడి వేళ్ళలా ఉన్నాయా? చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని నడిచినవాడండీ."

"ఇప్పుడు నేను పట్టుకోవాలా?"

"స్క్రూ పట్టుకుంటే చాలు," అంది ఆవిడ.

ఆయన నవ్వాడు. మర్నాడు అర చుట్టు తిప్పి ట్రిగ్గర్ నొక్కి చూశాడు. ఆ వేళ్ళకు ఇది చాలదనిపించింది. ఇంకో చుట్టు తిప్పాడు. బావమరిది పరీక్షలో పన్నెండుకు తొమ్మిది కొట్టాడు, గట్టెక్కాడు.

మూడో రోజున రివాల్వర్ బల్ల మీదికి వచ్చింది, వెనకే బావమరిదీ వచ్చాడు.

"ఉండనీ బావా. చాలా ఏళ్ళకు నా మాట వింటోంది ఇది. ఇంట్లో మా ఆవిడ కూడా వినదు."

"రూలు ప్రకారం బిగించాలిరా."

"రూలు ప్రకారం విప్పావా?"

మెకానిక్కు స్క్రూ బిగించలేదు. అయినా ఊరికే ఇవ్వలేదు. పెరటి ఇసుక గుంతలో ఆరు తూటాలు కాల్చి చూశాడు. ఆరూ పేలాయి. పరవాలేదనుకున్నాడు. చెక్కలు బిగించి ఇచ్చేశాడు.

పొరపాటు అక్కడ జరిగింది. ఆయన కాల్చినవి సాధన తూటాలు. వాటి అడుగు మెత్తన, చిన్న దెబ్బకే అంటుకుంటాయి. డ్యూటీ తూటాలు వేరే రకం, వాటి అడుగు గట్టి. ఒక్కో గార్డుకు ఆరే ఇస్తారు. ఒకటి కాల్చినా ఎందుకు కాల్చావో రెండు పేజీల సంజాయిషీ రాయాలి. అందుకని ఆ దళంలో డ్యూటీ తూటాతో రివాల్వర్‌ను పరీక్షించి చూసినవాళ్ళు లేరు. మిగతావాళ్ళవన్నీ మూడో రోజున బిగించేవాడు కాబట్టి పదిహేడేళ్ళూ ఆ తేడా బయటపడలేదు. ఆయనకు తెలియని విషయం కాదది. ఆ పూట గుర్తు రాలేదు, అంతే.

* * *

"ఆగారేంటి?" అన్నాడు అధికారి.

"స్ప్రింగు స్క్రూ వదులుగా ఉంది సార్. అందుకే సుత్తి దెబ్బ చాలలేదు. తూటాలు పేలకపోవడానికి కారణం ఇదే."

గుమాస్తా కలం గబగబా కదిలింది.

"మిగతాది కూడా విప్పండి."

మెకానిక్కు పెద్ద స్ప్రింగు తీశాడు. పక్క రేకు స్క్రూలు ఒక్కొక్కటే తీసి చెక్క దిమ్మెలో పెట్టాడు. రేకు సందులో స్క్రూడ్రైవరు దూర్చి పెకలించకూడదు. చట్రం మీద చెక్క పిడితో నాలుగు దెబ్బలు కొడితే రేకు తనంతట తనే పైకి తేలుతుంది. తేలింది. సుత్తి బయటికొచ్చింది. ట్రిగ్గర్ వెనకున్న పొట్టి స్ప్రింగు ఎగిరి కంట్లో పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి తీశాడు. భాగాలన్నీ వచ్చిన వరసలోనే కంబళి మీద పేర్చాడు. ఒక్కటీ అరగలేదు, విరగలేదు. రివాల్వర్‌కు ఇంకే జబ్బూ లేదు.

"అయితే స్క్రూ ఒక్కటే. అది ఎవరు వదులు చేశారు?"

"నేనే సార్."

అధికారి గుమాస్తా వైపు చెయ్యి ఎత్తాడు. "అది రాయకు. నువ్వెళ్ళి టీ తాగి రా."

గుమాస్తా వెళ్ళాడు. తలుపు పడ్డాక అధికారి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. 'మీరు' పోయింది.

"ఏం మావయ్యా, మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"ఉన్నది చెప్పాను సార్."

"నువ్వు చేశానంటే తర్వాతి ప్రశ్న ఏంటో తెలుసా? ఇంకెవరికి చేశావు అని. అప్పుడు మిగతా నలభై రివాల్వర్లూ తెప్పించాలి."

"తెప్పించండి సార్. అన్నీ బిగించే ఉన్నాయి."

"అన్నీనా?"

మెకానిక్కు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "మీది తప్ప. మీరు పరీక్షయ్యాక తిరిగి పంపలేదు. మీది ముప్పావు చుట్టు."

అధికారి చెయ్యి నడుము దగ్గరున్న రివాల్వర్ సంచీ మీదికి వెళ్ళి వెనక్కి వచ్చింది.

"విను," అన్నాడు. "స్క్రూ వాడకంలో వదులైంది. ఆయుధం పెట్టుకున్న మనిషి గమనించి చెప్పాల్సింది, చెప్పలేదు. ఇంతే రాయి. అతనికి ఒక మందలింపు కాగితం వస్తుంది. చెయ్యి పోయినవాడు కదా, గేటు దగ్గర రిజిస్టరు రాసే పని చూస్తాను. నీ ఉద్యోగం ఉంటుంది, అతని ఉద్యోగం ఉంటుంది."

"వాడకంలో అది పావు చుట్టు కూడా కదలదు సార్."

"ఆ సంగతి ఎవరికి తెలుసు?"

"నాకు."

"నువ్వు ఒక్కడివేగా. రేపు సాయంత్రంలోగా రాసివ్వు."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు. స్క్రూ సంగతి ఆవిడకు మొదట్నుంచీ తెలుసు. చుట్టున్నర సంగతి అప్పుడే తెలిసింది.

"నేను స్క్రూ పట్టుకోమన్నాను కానీ ఊడపీకమన్నానా?"

"నువ్వే కదా, అందరిలా కాదన్నావు."

"అన్నాను. నా నోరు పడిపోను." ఆవిడ గిన్నె కడుగుతూనే ఉంది. ఆ గిన్నె ఎప్పుడో శుభ్రమైంది. "నిజం రాస్తే ఏమవుతుంది?"

"నన్ను తీసేస్తారు."

"వాడిని?"

"వాడినేం చేస్తారో చెప్పలేను. ఆయన చెప్పినట్టు రాస్తే గేటు దగ్గర కూర్చోబెడతానన్నాడు."

"ఆయన మాట మీద నిలబడే మనిషేనా?"

మెకానిక్కు ఆ ప్రశ్నకు జవాబు వెతకలేదు. వెతికి ఉంటే దొరికేది. ఆవిడ కొళాయి కట్టేసింది.

"రాసెయ్యండి. ఇద్దరూ ఉంటారు కదా."

మర్నాడు ఆయన రాశాడు. తప్పులు లేకుండా, కొట్టివేతలు లేకుండా, పదకొండు పంక్తులు. ఆస్పత్రిలో ఉన్న బావమరిదికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. రోజూ క్యారియర్ తీసుకెళ్ళే అక్క కూడా చెప్పలేదు.

* * *

బావమరిది పేర ఉత్తర్వు ఐదు వారాలకు వచ్చింది. ఆయుధం పట్ల తీవ్ర నిర్లక్ష్యం, విధి నిర్వహణలో వైఫల్యం, ఉద్యోగం నుంచి తొలగింపు. ఆధారంగా ఆర్మరీ మెకానిక్కు నివేదిక జతచేశారు. మెకానిక్కు డిప్యూటీ కమాండెంట్ గది బయట రెండు గంటలు నిలబడ్డాడు. పిలుపు వచ్చాక లోపలికెళ్తే ఆయన ఫోను మాట్లాడుతూ చేత్తో పైకి చూపించాడు. పై అంతస్తు అని అర్థం. నిర్ణయం పైవాళ్ళదన్నమాట. ఫోను పెట్టాక కూడా వేరే మాట చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం బావమరిది ఇంటికొచ్చాడు. కుడిచెయ్యి చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఎడమచేతిలో కాగితాలు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"బావా, ఇది నీ చేతిరాతే కదా?"

మెకానిక్కు తలూపాడు.

"ముత్యాల్లాంటి అక్షరాలు. చిన్నప్పుడు నా హోంవర్క్ ఇలాగే రాసుంటే ఇంకో రెండు క్లాసులు పాసయ్యేవాణ్ణి." కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని పైకి చదివాడు. "'సదరు గార్డు ఆయుధాన్ని తన అలసత్వం వల్ల తనిఖీకి సమర్పించలేదు.' అలసత్వం. ఈ మాట నువ్వు నోటితో ఎప్పుడైనా అన్నావా బావా? ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఆయన చెప్పాడురా."

"ఆయన చెబితే నువ్వు రాశావు. నేను చెబితే బిగించకుండా వదిలేశావు. ఎవరేం చెబితే అది చేసే మనిషికి తాళాలెందుకు ఇచ్చారు?"

"గేటు దగ్గర పని ఇస్తానన్నాడు. నీ కోసమే..."

"నా కోసమే వదులు చేశావు, నా కోసమే రాశావు. ఇంక నా కోసం ఏం చెయ్యకు బావా, దండం పెడతా. పెట్టడానికి ఒక చెయ్యే ఉంది, సర్దుకో." అక్క వైపు తిరిగాడు. "నీకు తెలుసా అక్కా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తెలుసన్నమాట. రోజూ వచ్చి పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టావు. ఒక్క ముద్దకైనా నోరు రాలేదా?"

అప్పటికీ అతను అరవలేదు. అరిస్తే బాగుండునని మెకానిక్కుకు అనిపించింది. బావమరిది ఉత్తర్వు రెండో పేజీ తిప్పి వేలితో చూపించాడు. ముప్పై రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు, కొత్త ఆధారాలుంటే జతచేయాలి.

"గుమాస్తాను అడిగాను. ఆ రోజు నువ్వేదో అన్నావట, రాయొద్దన్నారట. అంతకుమించి చెప్పడానికి భయపడ్డాడు. ఏమన్నావు?"

"నేనే వదులు చేశానన్నాను."

బావమరిది మొదటిసారి ఆయన మొహంలోకి చూశాడు. "అన్నావా?"

"అన్నాను."

"మరి ఎందుకు నిలబడలేదు దాని మీద?"

మెకానిక్కు లేచి అలమర తీశాడు. తెల్ల కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టుకున్నాడు. నివేదికకు పట్టినంత సేపు పట్టలేదు. స్క్రూ ఎవరు తిప్పారు, ఎన్ని చుట్లు, ఏ తూటాలతో పరీక్షించారు, ఎందుకు తిరిగి బిగించలేదు. పదిహేడేళ్ళుగా ఎవరెవరికి చేశాడో కూడా రాశాడు. డిప్యూటీ కమాండెంట్ రివాల్వర్ నంబరు ఒకటి అని, దానికి ముప్పావు చుట్టు అని రాశాడు. భార్య వెనక నిలబడి చదువుతోంది. ఆపమనలేదు.

బావమరిది కాగితం ఆరేదాకా కూడా ఉండలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అన్నం తిని వెళ్ళరా," అంది అక్క.

"ఇంటికెళ్ళి తింటాను. చెంచాతో తినడం నేర్చుకుంటున్నాను, చూసేవాళ్ళుంటే సిగ్గు."

అప్పీలు గడువుకు ఒకరోజు ముందు, ఇరవై తొమ్మిదో రోజున, ఆఫీసులో ఇచ్చాడు. ఎడమచేతి సంతకం పాత సంతకంతో కలవలేదని రెండుసార్లు వెనక్కి పంపి మూడోసారి తీసుకున్నారు. పది రోజులకు మెకానిక్కును సస్పెండ్ చేసి తాళాలు తీసుకున్నారు. రిటైర్మెంటుకు అప్పటికి పద్నాలుగు నెలలుంది. తాళాలు అప్పజెప్పే ముందు ఆయన డిప్యూటీ కమాండెంట్ రివాల్వర్‌ను తనిఖీకి పంపమని కాగితం పెట్టాడు. అది శుభ్రం చేసి, అన్నీ బిగించి ఉన్నట్టు, వేరే ఊరి మెకానిక్కు ఇచ్చిన సర్టిఫికెట్టు వచ్చింది. రివాల్వర్ రాలేదు.

కొత్త మెకానిక్కు నిబంధన ప్రకారం అన్ని స్క్రూలూ చివరిదాకా బిగించాడు. ఆ ఏడాది కాల్పుల పరీక్షకు నలభై మంది వచ్చారు, ఇరవై ఆరుగురు తప్పారు. ఎండ ఎక్కువగా ఉందన్న కారణంతో పరీక్ష రద్దు చేసి పదిహేను రోజులకు మళ్ళీ పెట్టారు. ఈసారి తప్పినవాళ్ళు ముగ్గురు. డిప్యూటీ కమాండెంట్ పన్నెండుకు పదకొండు కొట్టాడు.

బావమరిది అప్పీలుకు ఇంకా నంబరు పడలేదు.